కింద చూశావా?

ప్రియమైన అన్నయ్యకి,

బాగున్నానని మాత్రం రాయకు. జైల్లో బాగుండేవాళ్ళు ఉండరని నాకు తెలుసు. పోయిన ములాఖత్‌లో నీ పెదవి చిట్లి ఉంటే ఏమైందని అడిగాను, గోడ తగిలిందన్నావు. ఆ గోడకి ఎన్ని పళ్ళు ఊడాయో అది కూడా రాయి.

ఇంటి కబుర్లు చెబుతాను. అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. పాప బళ్ళో పక్కపిల్ల చెవి కొరికింది. టీచరమ్మ నన్ను పిలిపించి, "ఇదెవరి పోలికండీ?" అంది. మేనమామ పోలిక అన్నాను. నువ్వెక్కడున్నావో ఆవిడకి తెలుసు కాబట్టి ఇంకేం అడగలేదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు. నేను లారీల యార్డులో డ్రైవరుగా చేరాను. మన యార్డే. ఏడాదిన్నర కింద మీ బావని గోడకీ ట్రైలర్ ముక్కుకీ మధ్య నుంచి రెండు జాకీలు పెట్టి బయటికి తీసిన యార్డే. కుట్టుపనికని అమ్మకి చెప్పి ఆర్నెల్లు పెద్ద బండి నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. ఇప్పుడు ట్రైలర్ తగిలించడం నేర్పుతున్నారు. నేర్పేవాడు ఒక్కసారి చేసి చూపించి, "అర్థమైంది కదక్కా" అని టీకి వెళ్ళిపోయాడు.

ఎందుకు చేరానని నువ్వు అరుస్తావు. వాడు తిరిగొచ్చాడు అన్నయ్యా. యార్డు మేస్త్రీ. నువ్వు తగిలించి పెట్టిన ట్రైలర్‌ని ఊడదీసే పిడి లాగేసి, ఎవరికీ చెప్పకుండా తన దారిన తాను పోయి, మీ బావని చంపినవాడు. నువ్వు దవడ విరగ్గొట్టి కన్ను తీసేస్తే, వాడు ఎనిమిది నెలలు ఆస్పత్రిలో పడుకుని, లేచి, అన్నం డబ్బా పట్టుకుని పనిలోకొచ్చాడు. వాడి మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. తీర్పు వచ్చేదాకా మేస్త్రీగిరీ తీసేసి గేటు దగ్గర బళ్ళు చూసి పంపే పని ఇచ్చారు. ఆ తీర్పు ఎప్పటికొస్తుంది? పాపకి పిల్లలు పుట్టాకా?

వాడి నోరు పనిచెయ్యదు. మాట్లాడబోతే గాలీ ఉమ్మీ వస్తాయి. మెడలో ఒక పలక వేలాడేసుకుని దాని మీద రాస్తాడు. పట్టపగలు టార్చి పట్టుకు తిరుగుతాడు, ఒంటికన్నుకి ఎండ చాలడం లేదని డ్రైవర్లు నవ్వుతారు. నన్ను చూస్తే తల దించుకుంటాడు. అప్పుడు మెడ వెనక ఎముక కనబడుతుంది. నా చూపు దాని మీదే ఉంటుంది.

ట్రైలర్ తగిలించడం వరసగా, వివరంగా రాసి పంపు. ఆ పనిలో నిన్ను మించినవాడు లేడని మీ బావ అనేవాడు కదా.

నీ మొండి

•

ప్రియమైన మొండిఘటానికి,

నీ ఉత్తరం చదివి పక్కగదివాణ్ణి కొట్టాను. వాడి తప్పేమీ లేదు, ఆ టైముకి దగ్గర్లో ఉన్నాడు. వాడు నా చెయ్యి కొరికాడు, నేను వాడి తల నేలకేసి కొట్టాను, ఇద్దరినీ విడదీయడానికి నలుగురు వార్డర్లు కావలసొచ్చింది. వారం రోజులు ఒంటరి గదిలో పడేశారు, అందుకే ఈ జవాబు ఆలస్యం.

ముందు ఒక మాట. మన ఉత్తరాలు ఇక్కడి జైలరు పెద్దాయన చదివాకే అటూ ఇటూ వెళతాయి. రాసేటప్పుడు నోటికి కళ్ళెం వేసుకో.

ఇప్పుడు తిట్లు. నీకు బుద్ధుందా? పాపని ఎవరు చూస్తారు? ఒకడు ఆ గోడ దగ్గర పోయాడు, ఒకడు ఇక్కడ కుళ్ళుతున్నాడు, మూడోదానివి నువ్వు బయల్దేరావా? ఆ మేస్త్రీ జోలికి వెళ్ళకు. వాడికి పడవలసింది పడింది. ట్రైలర్ కాళ్ళెత్తే ఇనప హ్యాండిల్‌తో యార్డంతా చూస్తుండగా మూడు దెబ్బలు కొట్టాను. మొదటిదానికే దవడ విరిగింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. రెండో దెబ్బకి కన్ను పోయింది. మూడో దెబ్బ ఎక్కడ పడిందో నాకు గుర్తులేదు, కోర్టులో చెప్పారు, భుజం అట. ఇంక వాణ్ణి కొట్టడానికి చోటు లేదు, వదిలెయ్.

మానెయ్యమంటే మానవని తెలుసు. నీది ఉడుంపట్టు. ఎలాగూ చేసేదానివి, సరిగ్గా చెయ్యి. విను.

ఇంజనున్న ముందు బండిని మనవాళ్ళు గుర్రం అంటారు కదా. గుర్రం వీపు మీద నల్లటి ఇనప పళ్ళెం ఉంటుంది. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు, చక్రమూ కాదు, తిరగనూ తిరగదు, ఎవడు పెట్టాడో ఆ పేరు. దాని మధ్యలో రెండు దవడలుంటాయి. ట్రైలర్ ముక్కు కింద మణికట్టంత లావు పిన్ను వేలాడుతుంది, దాన్ని కింగ్ పిన్ అంటారు. ఆ పిన్ను వచ్చి దవడల్లో పడాలి, దవడలు మూసుకోవాలి. బతుకూ చావూ అన్నీ అక్కడే.

మొట్టమొదట ట్రైలర్ చక్రాల కింద దిమ్మలు పెట్టు. తర్వాత పళ్ళేనికి గ్రీజు బాగా పూయి, దవడలు తెరుచుకున్నాయో లేదో చూడు, పక్కనున్న పిడి బయటికి లాగి ఉండాలి. గుర్రాన్ని తిన్నగా వెనక్కి తీసుకురా, వంకరగా వస్తే మళ్ళీ ముందుకెళ్ళి మళ్ళీ రా, సిగ్గుపడకు. ముక్కు దగ్గరికొచ్చాక ఆపి, దిగి, ఎత్తు చూడు. ముక్కు పళ్ళెం కంటే వెంట్రుకవాసి కిందే ఉండాలి, పళ్ళెం వెళ్ళి దాన్ని ఎత్తుకోవాలి. పైన ఉంటే, విడిగా నిలబెట్టిన ట్రైలర్‌ని ముందువైపు మోసే ఇనప కాళ్ళున్నాయి కదా, వాటి హ్యాండిల్ తిప్పి దించు. తర్వాత మెల్లగా వెనక్కి నడుపు, టక్కుమని చప్పుడొస్తుంది, పిడి దానంతటదే లోపలికి పోతుంది. అప్పుడు తక్కువ గేరులో కొద్దిగా ముందుకి లాగి చూడు. ట్రైలర్ బండిని పట్టి ఆపితే దవడ పట్టినట్టు. ఆ తర్వాత గాలి పైపులు, కరెంటు వైరు తగిలించి, కాళ్ళు పూర్తిగా పైకెత్తి, దిమ్మలు తీసెయ్యి. అంతే. నేను పద్దెనిమిదేళ్ళు ఇదే చేశాను.

పాపని ముద్దుపెట్టుకో. చెవులు కొరకొద్దని చెప్పు, ముక్కు మీద గుద్దితే మచ్చ పడదు.

నీ అన్నయ్య

•

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు రాసింది రాసినట్టే చేస్తున్నాను. నీ ఉత్తరం మడిచి బండిలో స్టీరింగ్ పక్కన పెట్టుకున్నాను. ఇప్పటికి పాతికసార్లు తగిలించాను, పాతికసార్లూ టక్కుమంది. గ్రీజు వాసన ఎంత కడిగినా పోవడం లేదు. మీ బావ చొక్కాలకి ఉండే వాసనే అది. పాప రాత్రిపూట నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంటోంది.

యార్డులో ఒకడు నేను సీట్లో ఉండగా తలుపు బాది, "ఇది వంటింటి బండి కాదమ్మోయ్, గరిటెతో గేరు పడదు" అన్నాడు. దిగాను. చక్రం దిమ్మ తీసి వాడి కాలి మీద వేశాను. రెండు వేళ్ళు చితికాయి. యజమాని పిలిచి అడిగితే జారిపడింది అన్నాను. చూసినవాళ్ళు పదిమంది ఉన్నారు, పదిమందీ జారిపడిందనే చెప్పారు. అప్పట్నుంచి అందరూ నన్ను "మేడమ్" అంటున్నారు.

మేస్త్రీ గురించి రాయొద్దన్నావు. నేను పని గురించే రాస్తున్నాను. గేటు దగ్గర ఎత్తు దిగే చోట ఒక గతుకు ఉంది, నీకు తెలుసు. ఆ పక్కనే గోడ. మీ బావ మరక మీద రెండుసార్లు సున్నం కొట్టారు, వాన పడగానే మళ్ళీ పైకి తేలింది. వాడు నిలబడేది సరిగ్గా అక్కడే. కాగితం చూడటానికి గోడకీ బండికీ మధ్య నుంచి నడుచుకుంటూ వస్తాడు. రోజూ పదకొండు బళ్ళు, పదకొండుసార్లు. ఆ సందు నా రెండు చేతుల వెడల్పు కూడా లేదు.

వచ్చే నెల మొదటి గురువారం నేను మొదటిసారి ఒక్కదాన్నే సరుకుతో గేటు దాటతాను. ఇనప రేకు చుట్టలు, ఇరవై రెండు టన్నులు. నాకు ఒక సందేహం. తగిలించిన తర్వాత ఎవరైనా పిడి లాగేస్తే, ఆ ట్రైలర్ గేటు గతుకు దాకా వస్తుందా, లేక కదలగానే ఊడిపోతుందా? ముక్కు ఎటు పడుతుంది, గోడ వైపేనా? అప్పుడు అలాగే పడింది కదా. జాగ్రత్త కోసమే అడుగుతున్నాను. తప్పకుండా రాయి.

నీ మొండి

•

ప్రియమైన చెల్లెమ్మకి,

నువ్వు అడిగినదానికి నేను జవాబు రాయను. ఏ జాగ్రత్త కోసం అడిగావో నాకు తెలుసు, పెద్దాయనకి కూడా తెలిసే ఉంటుంది, ఉత్తరం ఇస్తూ నా మొహం వంక రెండు నిమిషాలు చూశాడు.

ఆ గురువారం పనికి వెళ్ళకు. జ్వరమని చెప్పు. ఒక మనిషిని కొట్టాక ఏమవుతుందో చెబుతాను విను. కొట్టినప్పుడు చెయ్యి తేలిక పడుతుంది, అరగంట. ఆ తర్వాత ఆ చెయ్యి మనది కాదు. అన్నం తినేటప్పుడు చూస్తే అసహ్యం వేస్తుంది. ఇక్కడ నాతో ఉన్న ముసలాయన భార్యని రోకలితో చంపి ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ నీళ్ళు కుడిచేత్తో తాగడు. నీకు ఆ బతుకు వద్దు. పాపకి తండ్రి లేడు, తల్లి కూడా జైల్లో ఉంటే అమ్మ ఒక్కతే మోకాళ్ళు ఈడ్చుకుంటూ పెంచాలి.

వాడిని చట్టం చూసుకుంటుంది. నా మాట విను. చిన్నప్పుడు నీ మాటలు నేను ఎన్ని విన్నాను, ఒక్కసారి నా మాట నువ్వు విను.

నీ అన్నయ్య

•

అన్నయ్యకి,

చట్టం చూసుకుంటుందని నమ్మినవాడివైతే ఆ రోజు హ్యాండిల్ ఎందుకు తీశావు? నువ్వు కొట్టినందుకు నేను నీ కాళ్ళకి దణ్ణం పెట్టాను. సగంలో వదిలినందుకే నా బాధ.

అడిగినదానికి జవాబు రాలేదు. పర్వాలేదు, చూసి తెలుసుకుంటాను. గురువారమే.

నీ మొండి

•

నా తల్లీ,

ఈ ఉత్తరం నీకు ఏ రోజు అందుతుందో తెలియదు. పెద్దాయనని ఈ రోజే పంపమని బతిమాలాను. ఆయన చదువుతాడని తెలిసే రాస్తున్నాను. ఆయన దీన్ని ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

మేస్త్రీ పిడి లాగలేదు. ఆయన నా ట్రైలర్‌ని ముట్టుకోలేదు. మీ ఆయన్ని చంపింది నేను.

ఆ రోజు ఆ ట్రైలర్‌ని నిలబెట్టి వెళ్ళినవాడెవడో కాళ్ళు ఎక్కువ ఎత్తులో ఉంచాడు. నేను దిగి చూడలేదు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, సీట్లోంచి అద్దంలో చూసి ఎత్తు చెప్పేస్తానని నాకు పొగరు. వెనక్కి వచ్చాను. టక్కుమంది. పిడి లోపలికి పోయింది. ముందుకి లాగాను, ట్రైలర్ పట్టి ఆపింది. తగిలిందనుకున్నాను. ముక్కు ఎత్తుగా ఉంటే పిన్ను దవడల్లోకి దిగదు, పైనుంచి పోయి అంచుకి తట్టుకుని నిలబడుతుంది. దవడలు ఉత్తిగాలిని కరిచి మూసుకుంటాయి. చప్పుడు అదే, పిడి కూడా అలాగే పోతుంది. లాగితే ఆగుతుంది కూడా. గతుకు వచ్చేదాకా తేడా తెలియదు.

తెలియాలంటే ఒకటే దారి. దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, తల ముక్కు కిందకి పెట్టి, టార్చి వేసి చూడాలి. పళ్ళేనికీ ట్రైలర్‌కీ మధ్య సందు ఉండకూడదు, దవడలు పిన్ను చుట్టూ ఉండాలి. పట్టపగలైనా అక్కడ చీకటే. అందుకే మేస్త్రీ ప్రతి బండి నిలిపే చోటా మేకుకి ఒక టార్చి వేలాడేశాడు. మేమందరం నవ్వాం. పగటి టార్చి మేస్త్రీ అని పేరు పెట్టింది నేనే. ఆ రోజు ఆ టార్చి నా చేతికి అందేంత దూరంలో వేలాడుతోంది. చూశాను. కుర్ర డ్రైవర్లు ఇద్దరు అటుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు నేను మోకాళ్ళ మీద కూర్చోవడమేమిటి అనుకున్నాను. చెల్లీ, ఇంతే. ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

బావ గేటు దగ్గర నన్ను బయటికి పంపడానికి గోడ పక్కన నడుస్తున్నాడు. గతుకు తగిలింది. బండి ఒక్కసారిగా తేలికైంది. అద్దంలో చూసేసరికి ట్రైలర్ ముక్కు గోడకి ఆనుకుని ఉంది, బావ కనబడలేదు. దిగి పరుగెత్తాను. నడుం నుంచి కింద ఏమీ మిగల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు. "పాపని బడి నుంచి తీసుకురావాలి, టైమైంది" అన్నాడు. నేను వెళ్తాను బావా అన్నాను. సరేనని తలూపాడు. అంతే.

అప్పుడు మేస్త్రీ వచ్చాడు. ఆయన ముందు బావ దగ్గరికి వెళ్ళాడు, తర్వాత నా గుర్రం వెనక వంగి టార్చి వేసి చూశాడు. నా దగ్గరికొచ్చి, అరవలేదు, నెమ్మదిగా, "కింద చూశావా?" అన్నాడు.

ఆ రెండు మాటలకి నా చెయ్యి లేచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. నేను తడుముకోలేదు, అడిగినవాడి దవడ విరగ్గొట్టాను. ఆ నోరు ఆ మాట ఇంకోసారి అనకూడదు. అందరి ముందూ అనకూడదు. నీ ముందు అసలు అనకూడదు. అందుకే మొదటి దెబ్బ నోటి మీద పడింది. బావ మీద ప్రేమతో కొట్టానని అందరూ అనుకున్నారు, నువ్వు దణ్ణం పెట్టావు. పోలీసులు ఎందుకు కొట్టావని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా, వాడే పిడి లాగాడన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకొకటి. నీకు రాసిన పాఠంలో టార్చి ముక్క రాయలేదు. రాయడానికి మూడుసార్లు పెన్ను పెట్టాను, మూడుసార్లూ మూత పెట్టేశాను. ఆ ఒక్క వాక్యం రాస్తే నువ్వు నన్ను పట్టుకుంటావని భయం. నా పరువు కోసం బావని చంపాను, నా అబద్ధం కోసం నిన్ను కూడా పాతికసార్లు ఆ ట్రైలర్ ముందు కూర్చోబెట్టాను.

ఆయన్ని చంపకు. ఎవర్నైనా చంపాలనిపిస్తే నన్ను చంపు, ములాఖత్‌కి రా, ఇనప వల ఉన్నా సరే ఏదో ఒక దారి చూస్తాను. ఆయన్ని మాత్రం వదిలెయ్.

అన్నయ్య అని సంతకం పెట్టడానికి సిగ్గుగా ఉంది. అయినా

నీ అన్నయ్య

•

అన్నయ్యకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. గురువారం అయిపోయాక.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పెద్దాయన చదివితే చదవనీ.

పొద్దున నీ పాఠం ప్రకారం ట్రైలర్ తగిలించాను. అన్నీ సరిగ్గా చేశాను. ఆ తర్వాత పిడి బయటికి లాగేశాను. గేటు వైపు మెల్లగా కదిలాను. ముక్కు బరువంతా పళ్ళెం మీదే ఉంది కదా, ఊడకుండానే వచ్చింది. గతుకుకి పది అడుగుల ముందు ఆపాను. వాడు గోడ పక్క నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు. అద్దంలో పలక కనబడింది, టార్చి కనబడింది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే మరక దగ్గరికి వస్తాడు. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టాను.

ఆ నాలుగు అడుగులూ వాడు వెయ్యలేదు. ముక్కు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఒక్కో మోకాలూ మడిచి నేల మీద కూర్చున్నాడు. తల ట్రైలర్ కిందకి పెట్టాడు. అద్దంలో వాడి వీపూ చెప్పులూ మాత్రమే కనబడుతున్నాయి. ఇరవై రెండు టన్నుల కింద వాడి మెడ పెట్టి ఉంది అన్నయ్యా. గోడ దాకా కూడా అక్కర్లేదు. నేను కాలు నొక్కితే చాలు.

నొక్కబోయాను. నొక్కలేదు అని గొప్పగా చెప్పను, బండి ఒక జానెడు కదిలింది. అప్పుడు ఒకటే ఆలోచన వచ్చింది. ట్రైలర్ పిడి లాగేసి, మర్చిపోయి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయేవాడు, ఇలా ప్రతి బండి కిందా మోకాళ్ళ మీద పడి చూస్తాడా? రోజుకి పదకొండుసార్లు? దూరం నుంచి చూసి, బండి చాటున వంగేది కాగితం కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. టార్చి కంటికి చూపు చాలక కాదన్నమాట. బ్రేకు తొక్కాను.

కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, కదలకు కదలకు అని ఊపింది. తర్వాత ఆయన పాకుతూ వచ్చి నా చక్రాల కింద దిమ్మలు పెట్టారు. దిగాను. పిడి బయటికుంది, తగిలించడం రాక జరిగిన తప్పు కాదని ఆయనకి చూడగానే అర్థమైపోయింది. నా మొహం చూశారు. గోడ మీద మరక చూశారు. అరవలేదు, ఎవరినీ పిలవలేదు. నా మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చోబెట్టి, నా తల వంచి, టార్చి వేసి చూపించారు. తెరుచుకున్న దవడల మధ్య పిన్ను ఊరికే నిలబడి ఉంది. పిడి లాగేస్తే ఇలా ఉంటుందని పలక మీద రాశారు.

అక్కడి నుంచి యార్డు మూలకి తీసుకెళ్ళారు. నీ గుర్రం ఇంకా అక్కడే ఉంది, కేసు సామానని సీలు వేసిన చీటీ కట్టి ఉంది, ఏడాదిన్నరగా ఎవరూ ముట్టుకోలేదు. టార్చి నా చేతికిచ్చి, చూడమని సైగ చేశారు. చూశాను. దవడలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. పిడి లోపలే ఉంది. ఎవరైనా లాగి ఉంటే అవి తెరుచుకుని ఉండాలి కదా. ఆయన తన పిడికిలిని అరచేతి మీదుగా పోనిచ్చి, పిన్ను పైనుంచి ఎలా పోయిందో చూపించారు. పలక తుడిచి, "కోర్టుకి రాసిచ్చాను. నిందితుడి మాట అన్నారు" అని రాశారు. నీ పేరు మాత్రం రాయలేదు.

రాయక్కర్లేకపోయింది. ఆ ట్రైలర్ తగిలించింది నువ్వు.

నీ గుర్రంలోనే సీటు వెనక కాళ్ళెత్తే హ్యాండిల్ ఇంకొకటి ఉంది. తీశాను. ముందు అద్దం కొట్టాను, పక్క అద్దాలు కొట్టాను, లైట్లు కొట్టాను. నువ్వు డ్యాష్‌బోర్డు మీద అతికించుకున్న మన ముగ్గురి ఫోటో ఉంది చూడు, నువ్వూ నేనూ మీ బావా, దాని మీద కొట్టాను. నీ దవడ అనుకుని కొట్టాను. చేతులు తెగి రక్తం కారుతున్నా ఆపలేదు. కేసు సామాను పాడు చేశానని నన్ను లోపలేసినా వేసేవాళ్ళు. మేస్త్రీగారు పక్కనే నిలబడ్డారు, అయిపోయేదాకా. తర్వాత తన తువ్వాలు చింపి నా చేతులకి కట్టారు. నేను పిడి లాగిన సంగతి ఆయన ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. అది రాకపోయి ఉంటే ఇంక ఈ జన్మలో నీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. ములాఖత్‌కి వచ్చేదాన్ని కాదు. నువ్వు చచ్చావని పాపకి చెప్పేదాన్ని, అలాగే నిర్ణయించుకున్నాను కూడా. నువ్వు రాశావు. పాపని తీసుకురావాలన్నాడని రాశావు. ఆ ముక్క కోసం ఏడాదిన్నర నుంచి అందరినీ అడిగాను, ఆయన ఏమైనా అన్నాడా అని. నీ దగ్గర ఉంచుకుని కూర్చున్నావు దొంగా.

నిన్ను క్షమించానని అనుకోకు. నీ మీద కోపంతో పళ్ళు నూరి నూరి నా దవడలే నొప్పెడుతున్నాయి. నీ ఉత్తరం నకలు జైలు నుంచి కోర్టుకి వెళ్ళిందట, మేస్త్రీగారి మీద కేసు కొట్టేస్తారని వకీలు చెప్పాడు. నీకు శిక్ష ఇంకా పెరుగుతుందని కూడా చెప్పాడు. పెరగనీ.

ఆ ఉత్తరం ఆయనకి ఇచ్చి చదవమన్నాను. ఒంటికంటితో, గేటు పక్క స్టూలు మీద కూర్చుని, అరగంట చదివారు. కన్ను తుడుచుకుని పలక తీసుకున్నారు. ఇన్నాళ్ళకైనా నిజం రాశాడని రాస్తారనుకున్నాను. "బండి కదలకముందే అడగాల్సింది. నవ్వుతారని అడగలేదు" అని రాశారు. వెంటనే తుడిచేశారు.

అమ్మకి అన్నీ చెప్పాను, పని సంగతి కూడా. నిన్నూ నన్నూ కలిపి తిట్టింది, తర్వాత మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా ఇచ్చి మేస్త్రీకి ఇవ్వమంది. రోజుకి పదకొండుసార్లు కూర్చుని లేవాలంటే మాటలా అంది.

నేను బండి నడపడం మానలేదు. పొద్దున నా బండి బయల్దేరేముందు గంట సేపు గేటు దగ్గర ఆయన పక్కన నిలబడుతున్నాను. ఆయన నోటికి ఆ మాట పలకదు, నువ్వు పలకకుండా చేశావు. అందుకని ప్రతి డ్రైవరు కిటికీ కిందా నిలబడి నేనే అరుస్తున్నాను, "కింద చూశావా?" అని. మొదటిరోజు ఒకడు నవ్వాడు. నా చేతిలో ఉన్న హ్యాండిల్ చూసి, దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నీ చెల్లెలు